కొత్త వియ్యంకులకు హైదరాబాద్ చూపించాలి: నుమాయిషా, బోనాలా, నిమజ్జనమా?

పానగల్ రోడ్డు (నల్లగొండ):

అందరికీ నమస్కారం. క్లాక్ టవర్ దగ్గర మాది జిరాక్స్ షాపు. నవంబరులో మా అమ్మాయి పెళ్లి చేశాం. అబ్బాయి వాళ్లది కటక్. ఇద్దరూ గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. పెళ్లి కటక్‌లోనే జరిగింది కాబట్టి వియ్యంకులు ఇంతవరకు మన వైపు రాలేదు. మొన్న వియ్యంకుడు గారే ఫోన్ చేసి అడిగారు: హైదరాబాద్‌లో ఏదైనా మంచి పండుగ ఉన్నప్పుడు చెప్పండి, ఊరూ చూసినట్టుంటుంది, పండుగా చూసినట్టుంటుంది, నాలుగు రోజులుండి పోతాం అని.

అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పూటలా ఇదే పంచాయితీ. నేను నుమాయిష్ అంటున్నాను, నాంపల్లిలో ఏటా పెట్టే పెద్ద ఎగ్జిబిషన్. జనవరి 1న మొదలవుతుంది, చలికాలం, హాయిగా తిరగొచ్చు. మా ఆవిడ బోనాలకే పిలవాలంటోంది, అది మన సొంత పండుగ, వాళ్లకు ఇంకెక్కడా దొరకదు అని. మా వాడు బీటెక్ మూడో సంవత్సరం. వాడికి నిమజ్జనం తప్ప హైదరాబాద్‌లో ఇంకేమీ కనపడదు.

తెలియాల్సినవి చెప్తాను. వియ్యంకుడు గారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, బాగా తిరిగే మనిషి. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. కాబట్టి గోల్కొండ పైదాకా ఎక్కడం అనేది లేదు. చేపలంటే ఇష్టం, సోమ, గురువారాలు మాత్రం ముట్టరు. మా మధ్య నడిచేది హిందీ. నా హిందీ నల్లగొండ బస్టాండు దాటదు. మొదటిసారి వస్తున్నారు, ఏ చిన్న తేడా వచ్చినా మాకు చెప్పరు, మా అమ్మాయికి వినపడుతుంది. అదీ టెన్షన్.

ఏ పండుగకి రమ్మనమంటారు? ఎందుకో కూడా రాయండి, ఇంట్లో చదివి వినిపించాలి.

ఎల్బీనగర్ అద్దెకొంప (సొంతూరు నకిరేకల్):

అన్నా, మీ వాడిదే కరెక్టు. నిమజ్జనం. వినాయకుడు అన్ని ఊళ్లలో ఉంటాడు కానీ ఖైరతాబాద్ వినాయకుడు ఎక్కడుంటాడు? 1954లో ఒక్క అడుగు బొమ్మతో మొదలుపెట్టారు. డెబ్బై ఏళ్లు నిండాయని 2024లో 70 అడుగులది నిలబెట్టారు. అంత విగ్రహం ట్రాలీ మీద కదిలి ట్యాంక్‌బండ్ వైపు వస్తుంటే జనం అరుపు కాదు, గాలి మారిపోతుంది. ఇక బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాట. 1994లో 450 రూపాయలకు పాడుకున్న లడ్డూ అది, 2024లో 30 లక్షలు దాటింది. రిటైరైన మనిషికి చెప్పుకోవడానికి ఇంతకన్నా కథ ఏం కావాలి?

న్యూటౌన్ అక్క (మహబూబ్‌నగర్):

తమ్ముడూ, పోస్టు చదివావా లేదా? మోకాళ్ల నొప్పులున్న ఆవిడను నిమజ్జనానికి తీసుకుపోతావా?

మా ఆడపడుచు వాళ్లు షోలాపూర్ నుంచి వచ్చినప్పుడు నేనూ ఇట్లాగే గొప్పకు పోయాను. పొద్దున పదింటికి లిబర్టీ దగ్గర దిగాం. అంతే, మళ్లీ బండి ఎక్కింది రాత్రి తొమ్మిదిన్నరకు. దారులన్నీ మూసేశారు. ఆటో లేదు, బస్సు లేదు. మధ్యాహ్నం మా ఆడపడుచు చెప్పు తెగింది. ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య జాలిపడి ప్లాస్టిక్ స్టూలు వేసి, బాత్రూమ్ చూపించింది. ఆ తల్లికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. విగ్రహాలు చూసింది గంట, డీజేకి గుండె అదిరింది పది గంటలు. ఆమె షోలాపూర్ పోయి ఏం చెప్పిందో తెలుసా? "హైదరాబాద్‌లో స్టూళ్లు బాగుంటాయి" అని.

నా ఓటు బోనాలకు. మీ ఆవిడే కరెక్టు అన్నా. కాకపోతే బోనాలంటే ఒక రోజు కాదు. ఆషాఢంలో గోల్కొండ ఎల్లమ్మ దగ్గర మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. లష్కర్ బోనాలకు, అంటే సికింద్రాబాద్ బోనాలకు, వీఐపీల తాకిడి, బారికేడ్లు. పెద్దవాళ్లతో అయితే లాల్‌దర్వాజ వైపు గల్లీల్లో ఎవరైనా తెలిసినవాళ్ల ఇంట్లో కూర్చుని చూడటమే సుఖం. బోనం గడప దాటేటప్పుడు చూడాలి. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ వేపాకు కట్టి, లోపల బెల్లం అన్నం, మూత మీద దీపం. ఆ దీపం ఆరకుండా తలమీద పెట్టుకుని, ఒక్క చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గుంతల రోడ్డు మీద నడుస్తుంటారు. వియ్యపురాలు గుర్తుపెట్టుకునేది అదే, ఏ మ్యూజియమూ కాదు.

కొత్తకోట బైపాస్:

అసలు హైదరాబాదే ఎందుకు అని ఒక్కరూ అడగరే. మన దగ్గర పండుగలు లేవా? మొన్ననే కురుమూర్తి జాతర అయింది. వడ్డేమాన్‌లో తయారైన స్వామి ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు వస్తాయి, లక్షల మంది వాటిని మొక్కడానికి వస్తారు. చెప్పులకు మొక్కే ఊరు ఇంకెక్కడుంది? మన్యంకొండ ఉంది, ఆలంపురం ఉంది. నల్లగొండ వాళ్లకైతే చెర్వుగట్టు ఇంటి ముందరే. ఇవన్నీ వదిలిపెట్టి హుస్సేన్‌సాగర్ వాసన చూపించడానికి తీసుకుపోతారు.

పానగల్ రోడ్డు:

తమ్ముడూ, వాళ్లు అడిగింది హైదరాబాద్. మన ఊరు ఎట్లాగూ చూపిస్తాం, వచ్చేది మన ఇంటికే. ఛాయా సోమేశ్వరాలయం మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు.

భువనగిరి గుట్ట:

కొత్తకోట తమ్ముడికి ఒక మాట. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడు మా రాయగిరి రాయే. అప్పటికి మాది నల్లగొండ జిల్లానే. ఇక్కడ చెక్కి తీసుకుపోయారు. 1990 మార్చిలో నీళ్ల మీదుగా తరలిస్తుంటే బల్లకట్టు ఒరిగి, విగ్రహం మునిగి, మనుషులు కూడా పోయారు. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండి 1992 డిసెంబరులో లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు మా తాతతో లుంబినీ పార్కు నుంచి పడవలో పోయినప్పుడు ఆయన విగ్రహానికి దండం పెట్టలేదు. పాదం దగ్గర రాయి మీద అరచెయ్యి ఆనించి, "మన రాయే, వేడి చూడు" అన్నాడు. హైదరాబాద్, మన ఊరు అని గోడ కట్టకండి.

ఉప్పుగూడ పెద్దకోడలు (పుట్టిల్లు సూర్యాపేట):

ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. న్యూటౌన్ అక్క రాసింది చదివి ఊరుకోలేకపోయాను.

పదకొండేళ్లుగా బోనం ఎత్తుతున్నాను. పోయినేడు లాల్‌దర్వాజ దగ్గర లైన్లో ఉన్నాను, నా ముందు నడుస్తున్న మా తోడికోడలికి శిగం వచ్చింది, అంటే అమ్మవారు పూనింది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఉన్నారు. అంతలో ఎవరో అబ్బాయి, మెడలో కెమెరా, ఆమె ముఖానికి జానెడు దూరంలోకి వచ్చి వీడియో తీస్తున్నాడు. జుట్టు విరబోసుకుని, కళ్లు మూతపడి, చెంగు జారుతోంది ఆమెకు. నేను వద్దన్నాను. "ఆంటీ, ఇది కల్చర్" అన్నాడు. ఆ వీడియో ఎక్కడుందో, ఎంతమంది చూశారో మాకు తెలియదు. ఆమె ఆ తర్వాత రెండు నెలలు బజారుకు పోలేదు.

పండుగను చూపిస్తాం, చూపిస్తాం అంటున్నారు. 1813లో జంటనగరాల్లో కలరా వచ్చి జనం రాలిపోతుంటే, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మొక్కుకున్నాడు, రోగం తగ్గితే నీ గుడి కడతానని. అట్లా వచ్చిన అమ్మవారు సికింద్రాబాద్‌లో ఉన్నది. అంటే ఇది మొక్కు. ఊరు బతకాలని చేసిన మొక్కును టూరిస్టు స్పాట్‌లో రాసుకుంటే నాకు బాధగా ఉంటుంది. 2014లో రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. కానీ ఆ రోజు నుంచి మా గల్లీలో భక్తుల కన్నా ఫోన్లు ఎక్కువైనాయి.

న్యూటౌన్ అక్క:

చెల్లీ, నువ్వు రాసింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ అబ్బాయిది తప్పు, అందులో వాదన లేదు. కానీ వియ్యపురాలు, కెమెరా మెడలో వేసుకున్న వాడు ఒకటేనా? ఆమె ఇంటికొచ్చిన చుట్టం. మా పల్లెల్లో శ్రావణంలో పోచమ్మ బోనాలు చేస్తాం. చుట్టాలు లేకుండా ఏ ఇంట్లో బోనం వండారు? చుట్టం వస్తే ఇంకో రెండు గిద్దెలు బియ్యం ఎక్కువ పోస్తాం. అమ్మవారి దగ్గరికి కొత్తవాళ్లు రావద్దు అంటే పండుగ మన నాలుగు గోడల మధ్య ముడుచుకుపోతుంది. నేను చెప్పింది కూడా ఎవరి ఇంట్లోనైనా కూర్చోబెట్టమనే.

ఉప్పుగూడ పెద్దకోడలు:

ఇంట్లో కూర్చోబెట్టడం వేరు. అది నేనూ ఒప్పుకుంటాను. ఎవరి ఇంట్లో అన్నదే ప్రశ్న. అన్నగారికి పాతబస్తీలో తెలిసినవాళ్లు లేకపోతే మా ఇంటికి రమ్మనండి, నిజంగానే అంటున్నాను. మేడ మీద నుంచి నైవేద్యం తెచ్చే ఫలహారం బండి, ఊరేగించే అమ్మవారి ఘటం, ముందు ఆడే పోతరాజు అన్నీ కనపడతాయి. మెట్లు పన్నెండు, మధ్యలో ఆగి ఎక్కవచ్చు. వేట కూర ఉంటుంది, వాళ్లు తింటారో లేదో అడగండి.

కొత్తకోట బైపాస్:

ఇప్పుడే కదా పండుగను చూపించొద్దన్నారు, అప్పుడే మేడ కూడా రెడీ.

ఉప్పుగూడ పెద్దకోడలు:

చుట్టాన్ని పిలవడానికీ చూపించడానికీ తేడా తెలియకపోతే ఉద్దాలకు ఎట్లా మొక్కుతున్నావు తమ్ముడూ?

మోడరేటర్:

ఒకరి మొక్కును ఒకరు ఎత్తిపొడవద్దు. అడిగిన ప్రశ్నకు రండి.

పారాదీప్ రిటర్న్ (మిర్యాలగూడ):

నేను పారాదీప్ పోర్టు పనుల్లో ఆరేళ్లు ఉన్నాను, వారాంతం అంటే కటకే. మీరంతా మన క్యాలెండర్ చూసి మాట్లాడుతున్నారు, వాళ్ల క్యాలెండర్ ఎవరైనా చూశారా?

ఆషాఢ శుద్ధ విదియ పూరీ రథయాత్ర. మన గోల్కొండ బోనాలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. తిరుగు రథం, దాన్ని బాహుడా అంటారు, తొమ్మిదో రోజు. అది అయ్యేదాకా ఒడియా ఇంటి పెద్ద ఊరు కదలడు. రథయాత్ర వదిలిపెట్టి బోనాలకు రమ్మనడం అంటే మనల్ని సద్దుల బతుకమ్మ వదిలిపెట్టి రమ్మనడం లాంటిది.

పోనీ దసరా, బతుకమ్మ అంటారా? కటక్ దుర్గాపూజ ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. అమ్మవారి వెనక మండపమంతా వెండితో చేస్తారు, చాందీ మేఢ అంటారు. బజారుకొకటి. ఆ పది రోజులు వాళ్లు మనల్ని పిలవాలి కానీ మనం వాళ్లను పిలిస్తే నవ్వుతారు. కార్తీకమంతా చాలా ఇళ్లలో మాంసం, చేప బంద్. మీ చేపల ప్లానింగ్ అక్కడ పోయింది.

మిగిలింది పుష్యం, మాఘం. అంటే జనవరి, ఫిబ్రవరి. కాబట్టి నుమాయిష్. కానీ ఒక్క చిక్కు ఉంది. కటక్‌లో కార్తీక పున్నమి నాడు మహానది ఒడ్డున బాలియాత్ర మొదలవుతుంది. పాతకాలంలో బాలి దీవులకు ఓడల్లో పోయిన వర్తకుల పేరు మీద జరిగే తిరునాళ్ల. అంగళ్లు కనుచూపు మేర ఉంటాయి. పళ్లెమంత పూరీలు అమ్ముతారు. ఏటా అది చూసేవాళ్లకు నుమాయిష్ చూపించి "ఎట్లుంది సార్" అంటే మర్యాదకు బాగుందంటారు.

రిటైర్డ్ సారు (దేవరకొండ):

మిర్యాలగూడ మిత్రుడి క్యాలెండరుకు నాదొక చేర్పు. వచ్చే ఏడు, అంటే 2026లో, అధిక జ్యేష్ఠం. ఆషాఢం జూలై మధ్యలో గానీ రాదు. అప్పటికి వానలు ముదురుతాయి, పాతబస్తీ గల్లీల్లో నీళ్లు. లాల్‌దర్వాజ బోనాలు తిరుగు రథం తర్వాతే వస్తాయి కాబట్టి ఆ వాదన పూర్తిగా కొట్టేయలేం. కానీ ఇంకో పెద్ద అడ్డంకి ఉంది, ఎవరూ గమనించినట్టు లేరు. పెళ్లయి మొదటి ఆషాఢం. అత్తా కోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు. వియ్యపురాలు అంటే మీ అమ్మాయికి అత్తగారే కదా. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడిగి చూడండి.

పానగల్ రోడ్డు:

సార్, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. ఎనభై రెండేళ్లు, చెవులు సరిగా వినపడవు, ఆషాఢం అన్న మాట ఒక్కటే వినపడింది. "ఆషాఢంలో అత్తను పిలుస్తారా, మతి ఉందా మీకు" అని పీట మీద నుంచి లేచింది. బోనాల ఫైలు మా ఇంట్లో అక్కడికక్కడే క్లోజ్. మా ఆవిడ రెండు గంటలు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, సరే ఈ ఏడు కాదు, పై ఏడు ఉప్పుగూడకే పోదాం అని. ఉప్పుగూడ అమ్మా, మాట గుర్తుంచుకో తల్లీ.

రిటైర్డ్ సారు (దేవరకొండ):

మంచిది. ఇప్పుడు నుమాయిష్ గురించి. బాలియాత్ర చూసినవాళ్లకు ఇందులో ఏముంటుంది అన్నారు. నేను ఉస్మానియాలో చదివే రోజుల నుంచి దాదాపు ప్రతి ఏడూ పోయినవాణ్ణి, చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

ఇది తిరునాళ్లలా పుట్టింది కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు, ఇక్కడ తయారయ్యే వస్తువులు జనానికి చూపిద్దామని బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టారు. నుమాయిష్ అంటేనే ప్రదర్శన. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. మన జిల్లాల ఆడపిల్లలు వాటిలో ఎంతమంది చదువుకున్నారో. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి స్టాళ్లు చాలా కాలిపోయాయి. కాశ్మీరు నుంచి వచ్చిన వ్యాపారులు బూడిదలో కూర్చుని ఏడవడం చూశాను. అయినా మరుసటి ఏడు వాళ్లే వచ్చారు, నన్ను గుర్తుపట్టి చాయ్ ఇప్పించారు.

వియ్యంకుడికి చూపించాల్సింది వస్తువులు కాదు, ఆ మనుషులను. లక్నో చికన్ కుట్టు బట్టలు అమ్మే పెద్దాయన మన తెలుగులో "అమ్మా, లాస్ట్ రేటు" అంటాడు. కాశ్మీరీ కుర్రవాడు "అక్కా, ముట్టి చూడు" అంటాడు. తాతలు పెట్టిన స్టాళ్లు మనవలు నడుపుతున్నారు. రైల్వే మనిషి కదా, పిల్లల రైలు ఎక్కించండి, మైదానం చుట్టూ తిప్పుతుంది. సిగ్గుపడకుండా నేను ఇప్పటికీ ఎక్కుతాను.

జాగ్రత్తలు మూడే. శని, ఆదివారాలు వద్దు. పర్సు ముందు జేబులో. ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలవాలో గేటు దగ్గరే చెప్పుకోండి, లోపల ఫోన్ మోగినా వినపడదు. మైకులో పేరు పిలిపించుకునే భాగ్యం నాకొకసారి దక్కింది. మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోదు.

ఎల్బీనగర్ అద్దెకొంప (సొంతూరు నకిరేకల్):

ఓకే సార్, నిమజ్జనం వాపస్ తీసుకుంటున్నా. నుమాయిష్ అయితే మెట్రో బెస్టు. మా ఎల్బీనగర్‌లో ఎక్కితే గాంధీభవన్ స్టేషన్లో దిగడమే, రైలు మారే పని లేదు, ఎస్కలేటర్, లిఫ్టు రెండూ ఉంటాయి. కారులో మాత్రం పోకండి, పార్కింగ్ దొరికేసరికి నుమాయిష్ మూసేస్తారు.

న్యూటౌన్ అక్క:

ఆడవాళ్లకు మాత్రమే అని ఒక రోజు పెడతారు, లేడీస్ డే. ఆ రోజు వియ్యపురాళ్లిద్దరినీ అమ్మాయితో పంపండి. మగవాళ్లు మ్యూజియం చూసుకోండి. మా వైపు నుంచి ఆ రోజు బస్సుల్లో సీటు దొరకదు. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు టికెట్టు కూడా లేదాయె.

నీడపట్టు (నాగర్‌కర్నూల్):

నేను మాత్రం పండుగలన్నిటికీ వ్యతిరేకం. ఊరు చూడాలంటే ఉత్త రోజున చూడాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు కొట్టే గడియారం దగ్గర కుర్చీలు వేసి ఉంటాయి. పావుగంట ముందే జనం వచ్చి కూర్చుంటారు. పల్లెటూరి వాళ్లు, స్కూలు పిల్లలు, బురఖాల్లో ఆడవాళ్లు, ఫారిన్ వాళ్లు, అందరూ ఒక చిన్న తలుపు వంక చూస్తుంటారు. తలుపు తెరుచుకుంటుంది, గడ్డం ఉన్న బుల్లి మనిషి వస్తాడు, పన్నెండు సార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. అంతే. వంద మంది ఒకేసారి నవ్వుతారు. హైదరాబాద్ పండుగ అంటే నాకు అదే, రోజూ జరుగుతుంది, డీజే ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీ కూడా ఉంటుంది.

శుక్రవారం మాత్రం పోకండి, మ్యూజియం సెలవు, చౌమహల్లా కూడా. జూ అయితే సోమవారం సెలవు. చెప్పేవాళ్లు లేక మా చుట్టాలతో శుక్రవారం పోయి, గేటు ముందు ఫోటో దిగి వచ్చాం.

చౌటుప్పల్ చాయ్:

అన్నా, ఏ తేదీల్లో రమ్మన్నా సంక్రాంతి చూసుకోండి. 10 నుంచి 13 దాకా పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి. మీరు పోయేది హైదరాబాద్ వైపు కాబట్టి పోయేటప్పుడు రోడ్డు ఖాళీ, అరె ఇంత బాగుందే అనుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది. పండుగ అయ్యాక మళ్లీ రెండు రోజులు ఎదురుగా అదే కథ. నెలాఖరుకు మేడారం జాతర కూడా ఈసారే, బస్సులు చాలావరకు అటు పోతాయి.

పారాదీప్ రిటర్న్ (మిర్యాలగూడ):

రైలు సంగతి ఎవరూ చెప్పలేదు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ కటక్‌లో ఆగుతుంది, నల్లగొండలోనూ ఆగుతుంది. సికింద్రాబాద్ దాకా పోనీయకండి, ముందు మీ ఇంటికే దించుకోండి. రైల్వే ఆయనకు ఆ మాట చెప్తే చాలు, టైమ్‌టేబుల్ ఆయనే మీకు అప్పజెప్తారు.

ఇంకో మాట, ఇది వియ్యపురాలి కోసం. కటక్ జిల్లాలో నువాపట్నా అని నేతగాళ్ల ఊరుంది. అక్కడ నేసే ఖండువా పట్టు జగన్నాథుడికి కడతారు. అదీ మన పోచంపల్లి లాగానే దారానికి ముందే ముడులు వేసి, రంగులో ముంచి నేసేది. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే దారిలో పక్కకు తిరిగితే పోచంపల్లి. ఆమెను ఒక మగ్గం ముందు కూర్చోబెట్టండి. నేతగాడి చేతిలో ముడులేసిన దారం చూస్తే మీ హిందీతో పనుండదు.

భువనగిరి గుట్ట:

ఇది బంగారం లాంటి సలహా. నుమాయిష్‌లో కూడా పోచంపల్లి చీరలు దొరుకుతాయి కానీ అక్కడ బేరం, ఇక్కడ మగ్గం. కొంటే మాత్రం బిల్లు అడగండి, ప్రింటు గుడ్డను కూడా ఇక్కత్ అని అంటగట్టేవాళ్లున్నారు. తిప్పి చూడండి, రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటే నేసినది.

కొత్తకోట బైపాస్:

చూశారా, తిరిగి తిరిగి మన జిల్లాకే వచ్చారు.

రిటైర్డ్ సారు (దేవరకొండ):

నువ్వు గెలిచావు నాయనా. వచ్చే కార్తీకంలో కురుమూర్తికి నేను వస్తాను, దారి చూపించు.

పానగల్ రోడ్డు:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి ఇంట్లో అంతా చదివాం. తేలింది ఇది. ఫలక్‌నుమాలో జనవరి 19కి నల్లగొండలో దిగుతారు. సోమవారం, కాబట్టి పప్పు, పచ్చిపులుసు. సాయంత్రం ఛాయా సోమేశ్వరాలయం. మర్నాడు పోచంపల్లి మీదుగా హైదరాబాద్, అమ్మాయి ఇంట్లో మకాం. బుధవారం పొద్దున సాలార్‌జంగ్, పన్నెండింటికి గడియారం, సాయంత్రం మెట్రోలో నుమాయిష్. గురువారం పడవలో బుద్ధుడి దగ్గరికి, ఆ రోజూ చేపలు లేవు. లేడీస్ డేకి మా ఆడవాళ్లు ముందే ఒకసారి పోయి వస్తారట, అది రిహార్సల్ అంట.

వియ్యంకుడు గారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా హిందీలో ఒకటే అడిగారు: ఆ పిల్లల రైలు బ్రాడ్ గేజా, న్యారో గేజా అని. సారూ, మీరు ఏటా ఎక్కుతారు కదా, కాస్త చూసి చెప్తారా?

రిటైర్డ్ సారు (దేవరకొండ):

ఎప్పుడూ కిందికి చూడలేదు. జనవరి 2న పోతున్నాను, టేపు పట్టుకుపోతాను.